కవచం ఎవరి చిహ్నం? సేనానాయకుల ప్రతిమలపై ఒక ఖండన

సేనానాయకుని ప్రతిమలో కవచం కనిపించగానే దానిని శౌర్యచిహ్నంగా పేర్కొని ముందుకు సాగటం తెలుగు సాహిత్య, సంస్కృతి పరిశోధనలో అలవాటుగా మారింది. ఖడ్గం పరాక్రమానికి, అశ్వం వేగానికి, కవచం శౌర్యానికి ప్రతీకలన్న సమీకరణాలు ఒక వ్యాసం నుంచి మరొక వ్యాసానికి చేతులు మారుతున్నాయి. వీటికి ఆధారం అడిగినవారు తక్కువ. ఈ సమీకరణాలలో మూడవది తప్పు అనేది ఈ వ్యాసంలోని ప్రతిపాదన. తెలుగు నేల మీద లభించే శిల్ప, చిత్ర, సాహిత్య సాక్ష్యాలలో కవచం వీరుని గుర్తు కాదు. అది యుద్ధానికి పనికివచ్చే పరికరం. యుద్ధభూమిలో దానికి చోటు ఉంది. ప్రతిమలో లేదు, ఉన్నా అది అరుదు. నేడు కూడళ్లలో, పాఠ్యపుస్తకాల బొమ్మలలో, వెండితెర మీద చారిత్రక నాయకుల రొమ్ములను కప్పుతున్న లోహపు తొడుగు మరెక్కడి నుంచో వచ్చింది. దానిని ప్రాచీన సంప్రదాయంగా వ్యాఖ్యానించటం అంటే నిన్నటి వేషాన్ని వెయ్యేళ్ల చరిత్రకు అంటగట్టటమే.

1. ఒక రహదారి, ఇద్దరు విజేతలు

హైదరాబాదు నుంచి బీజాపూరు వెళ్లే రహదారి మొయినాబాదు, చేవెళ్లల మీదుగా సాగుతుంది. ఇరువైపులా మర్రిచెట్లతో ప్రసిద్ధమైన ఈ దారి ఒకప్పుడు దక్కను చిత్రకళకు నిలయాలైన గోలకొండ, బీజాపూరు రాజ్యాల నేలలను కలుపుతుంది. విజేత ప్రతిమ అంటే ఏమిటో ఆలోచించటానికి ఇంతకన్నా తగిన చోటు దొరకదు.

మొయినాబాదు మండలంలోని ఎనికేపల్లిలో చెరువు తూము గోడలో చేరిపోయి ఉన్న రెండు జైన స్తంభాలను పురాతత్త్వ పరిశోధకుడు ఈమని శివనాగిరెడ్డి వెలుగులోకి తెచ్చారు. నాలుగు ముఖాలలోను ధ్యానాసీనులైన తీర్థంకరులు, పైన కీర్తిముఖాలు, తెలుగు–కన్నడ లిపిలో శాసనభాగం వీటి విశేషాలు. ఇవి క్రీ.శ. 9, 10 శతాబ్దుల నాటివని, రాష్ట్రకూట, వేములవాడ చాళుక్యుల కాలంలో చిలుకూరు ప్రముఖ జైన కేంద్రమని ఆయన నిర్ధారణ. వేములవాడ చాళుక్యులు యుద్ధవీరులైన సామంతులు. రెండవ అరికేసరి ఆస్థానకవి పంపడు తన ప్రభువును అర్జునునితో అభేదంగా భావించి 941లో విక్రమార్జునవిజయం రచించాడు. పంపని తమ్ముడు జినవల్లభుడు వేయించిన కుర్క్యాల శాసనం తెలుగు కందపద్యాలకు తొలి ఆధారాలలో ఒకటి. అంటే యుద్ధకావ్యం, జైనధర్మం, తెలుగు పద్యం ఒకే కుటుంబంలో కలిసిన కాలమది.

ఆ కాలపు ప్రజలు రాతిలో చెక్కించుకున్న విజేత ఎవరు? 'జిన' శబ్దానికి అర్థమే జయించినవాడు. ఆ విజేత దేహం మీద కవచం మాట అటుంచి, ఆభరణమైనా లేదు. ఇంద్రియాలను జయించినవానికి రక్షణ అవసరం లేదన్నది ఆ ప్రతిమ చెప్పే అర్థం. ఇది మతపరమైన ప్రతిమ కనుక సేనానాయకులకు వర్తించదని ఎవరైనా అనవచ్చు. అయితే రణంలో మరణించిన సైనికుల స్మారకాలైన వీరగల్లులను చూడవలసి ఉంటుంది.

తెలంగాణ, రాయలసీమ పల్లెలలో ఊరి పొలిమేరల్లో, గుడి ముందర, చెరువు కట్టల మీద నిలిచిన వీరగల్లులలో వీరుడు సాధారణంగా నడుముకు బిగించిన వస్త్రంతో, ముడిచిన జుట్టుతో, ఒక చేత కత్తి, మరొక చేత డాలు లేదా బాకుతో కనిపిస్తాడు. రొమ్ము బయలుగా ఉంటుంది. పై అంతస్తున్న శిలల్లో అప్సరసలు ఆ వీరుని స్వర్గానికి తోడ్కొనిపోతారు. డాలు కూడా రక్షణ పరికరమే కదా అనవచ్చు. నిజమే, కాని డాలు చేతిలో ఉంటుంది, దేహాన్ని దాచదు. ప్రాణాన్ని దాచుకోనివాడే ఈ శిలకు అర్హుడు. ఈ భావానికి పరాకాష్ఠ శ్రీశైలంలో కనిపిస్తుంది. 1377లో రెడ్డిరాజు అనవేమారెడ్డి అక్కడ వీరశిరోమండపం కట్టించాడు. భక్తివీరులు తమ శిరస్సులను తామే అర్పించుకున్న చోటది. తన దేహాన్ని తానే ఇచ్చివేసినవానికి మించిన వీరుడు ఆ లోకంలో లేడు. కారెంపూడిలో ఏటా జరిగే పల్నాటి వీరారాధనలో సైతం పూజలందుకునేవి వీరుల ఆయుధాలే. ఏ వీరుని కవచమూ అక్కడ ఊరేగదు.

2. నిఘంటువు, కావ్యం చెప్పే మాట

కవచానికి సంస్కృతంలో పేర్లు తక్కువ లేవు. అమరకోశం క్షత్రియవర్గం తనుత్రం, వర్మ, దంశనం, ఉరశ్ఛదం, కంకటకం, జగరం, కవచం అనే పర్యాయపదాలను ఇస్తుంది. తెలుగులో మైమఱువు, జోడు, బొందళము ఉన్నాయి. దక్కను కాలంలో జిరహ్, బక్తర్, చిలఖత్ చేరాయి. ఈ మాటల నిర్మాణాన్ని గమనించాలి. తనుత్రం దేహాన్ని కాచేది. ఉరశ్ఛదం రొమ్మును కప్పేది. మైమఱువు మేనికి మఱుగైనది. ఒక్క పేరులోనైనా శౌర్యం అన్న అర్థం లేదు. కప్పటం, కాపాడటం, మరుగుపరచటం మాత్రమే ఉన్నాయి. తెలుగుశాఖల పరిశోధకులు ప్రతీకను నిర్వచించే ముందు పదాన్ని విప్పి చూసి ఉంటే ఈ తప్పు ఇంత దూరం వచ్చేది కాదు.

వీటిలో 'వర్మ' శబ్దం చరిత్ర మరింత బోధకం. రక్షణ పరికరం పేరు క్షత్రియుల నామాంతంగా స్థిరపడింది. అంటే కవచం ఒక దశలో యుద్ధరంగాన్ని విడిచి వర్ణసూచకం అయింది. కవచం దేనికైనా ప్రతీక అయితే పుట్టుకతో సంక్రమించే హోదాకు ప్రతీక అయింది తప్ప సాధించుకున్న శౌర్యానికి కాదు. ఈ విషయం ముందు చర్చకు రానున్న విగ్రహాల విషయంలో కీలకం.

కావ్యసాక్ష్యం ఇంకా స్పష్టం. భారతకథలో కవచంతో పుట్టినవాడు కర్ణుడు. ఎఱ్ఱన పూరించిన అరణ్యపర్వశేషంలోని కుండలాహరణ ఘట్టంలో కర్ణుని ఔన్నత్యం కవచాన్ని ధరించటంలో లేదు. అడిగినవానికి ఒలిచి ఇవ్వటంలో ఉంది. కవచం ఉన్నంతకాలం అతడు అవధ్యుడు. దానిని ఇచ్చిన తరువాతే వీరుడు, దాత. నేటి వ్యవహారంలో 'కవచకుండలాలు' అన్న పలుకుబడిని గమనించినా ఇదే తేలుతుంది. అధికారం, చట్టం, బంధుబలం ఇచ్చే రక్షణను ఎత్తిపొడవటానికి ఈ మాటను వాడతారు. ధైర్యాన్ని మెచ్చుకోవటానికి ఎవరూ వాడరు.

భాగవతం ఆరవ స్కంధాన్ని తెనిగించినవాడు ఏర్చూరి సింగన. అందులో విశ్వరూపుడు ఇంద్రునికి ఉపదేశించే నారాయణ కవచం మరో సాక్ష్యం. దేవతల సేనాధిపతికి కావలసింది లోహం కాదు, మంత్రం. ఓడినవాడు, భయపడినవాడు ఆశ్రయించేది కవచం. పోతన దశమస్కంధంలో నరకాసురవధ ఘట్టం దీనికి భిన్నమైన చిత్రాన్ని ఇస్తుంది. యుద్ధానికి సిద్ధమయ్యే సత్యభామ జడను ముడుచుకుంటుంది, నీవీబంధాన్ని బిగిస్తుంది, పయ్యెదను సవరించుకుంటుంది. స్త్రీ యుద్ధానికి దిగాలంటే మగవాని లోహపు రొమ్ము తొడుక్కోవాలన్న ఊహ ఆ కవికి రాలేదు. ఉన్న వస్త్రం, ఉన్న దేహం చాలాయి. తెలుగులో యోధురాలి వర్ణనకు ఇంతటి నమూనా ఉండగా, రుద్రమదేవిని ఇనుప తొడుగులో ఊహించుకోవటం ఎవరి సంప్రదాయం?

యుద్ధవర్ణనలలో కవచాలు కనిపించవా అంటే కనిపిస్తాయి. బాణాలకు చీలటం, గదాఘాతాలకు పగలటం, నెత్తుటిలో తడవటం కావ్యాలలో కవచానికి దక్కిన పాత్రలు. ప్రత్యర్థి బాణబలాన్ని చూపటానికి కవికి అది పనికివస్తుంది. అది కవచధారి శౌర్యానికి కొలమానం కాదు.

3. రాజు చేతులు జోడించిన చోట

వీరగల్లులు సామాన్య సైనికులవి, వారికి కవచం కొనే స్తోమత లేదు కనుక బయలు రొమ్ముతో చెక్కారని మరొక వాదం రావచ్చు. అలాగైతే కవచం కొనగల ప్రభువుల ప్రతిమలను పరిశీలించాలి.

1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్ మహానవమి సైనిక ప్రదర్శనను వివరంగా వర్ణించాడు. అశ్వికులు పొరలు పొరలుగా కుట్టిన దట్టమైన అంగీలు, తోలు, ఇనుప రేకులు ధరించారని, గుర్రాల నుదుళ్లకు లోహపు పలకలు ఉన్నాయని చెప్పాడు. కాబట్టి విజయనగర సేనకు కవచం తెలుసు. అది విరివిగా ఉంది, ఖరీదైనదీ ఉంది. అయినా ఆ సేనకు అధిపతి, గజపతులను, సుల్తానులను గెలిచిన శ్రీకృష్ణదేవరాయలు తిరుమల ఆలయంలో ప్రతిష్ఠింపజేసుకున్న కంచు ప్రతిమ ఎలా ఉంది? తలపై పొడవైన కుళ్లాయి, బయలైన రొమ్ము, జోడించిన చేతులు, ఇరువైపులా తిరుమలదేవి, చిన్నాదేవి. ఆయుధం లేదు, కవచం లేదు. ఆ శతాబ్దపు అత్యంత విజయవంతమైన సేనానాయకుడు తరతరాలకు తనను చూపదలచుకున్న రూపం అది.

ఇది ఒక్క ఉదాహరణ కాదు. లేపాక్షి కుడ్యచిత్రాలలో విరూపణ్ణ, అతని సోదరుడు, పరిజనులు సన్నని ఉత్తరీయాలతో, కుళ్లాయిలతో నమస్కరిస్తూ ఉన్నారు. మధుర పుదుమండపంలో తెలుగు నాయకవంశానికి చెందిన తిరుమల నాయకుని శిలాప్రతిమ, అతని పూర్వుల ప్రతిమలు చేతులు జోడించే నిలిచాయి. వీరందరూ సైన్యాలను నడిపినవారు, లేదా సైన్యాలను పోషించినవారు. ప్రతిమలో సార్వభౌమత్వాన్ని చెప్పటానికి వీరు ఎన్నుకున్న చిహ్నాలు కుళ్లాయి, ఆభరణం, భక్తి. రక్షణ దైవానిది అయినప్పుడు ఇనుముతో పని లేదు.

కాకతీయ సాక్ష్యం ఇంకా సున్నితమైనది. 1262 నుంచి 1289 వరకు పాలించిన రుద్రమదేవిని శాసనాలు పురుషనామంతో రుద్రదేవ మహారాజుగా పేర్కొన్నాయి. 2017లో పురాతత్త్వశాఖ వరంగల్లు సమీపంలోని బొల్లికుంటలో ఆమెవిగా గుర్తించిన రెండు శిల్పాలలో ఒకటి అశ్వారూఢ రూపం. పైన రాజఛత్రం ఉంది. రెండవదానిలో ఆమె అలసి ఒక పక్కకు ఒరిగి ఉంది, ఛత్రం లేదు, యమవాహనమైన మహిషం దక్షిణంగా సాగుతోంది. ఆమె మరణాన్ని, ఆమె సేనాని మల్లికార్జున నాయకుని మరణాన్ని పేర్కొనే 1289 నాటి చందుపట్ల శాసనం నేపథ్యంలో ఈ శిల్పాలు చర్చకు వచ్చాయి. గుర్తింపు సరైనదైతే దాని తాత్పర్యం ఒక్కటే. ఆ శిల్పికి అధికారాన్ని తెలిపే గుర్తు ఛత్రం. అధికారం పోయిందని చెప్పటానికి అతడు కవచాన్ని ఒలవలేదు, గొడుగును తీసివేశాడు. రుద్రమదేవి విగ్రహ సంకేతాల గురించి రాసేవారు మొదట చర్చించవలసింది ఈ గొడుగును. జరుగుతున్నది మాత్రం లేని కవచంపై వ్యాఖ్యానం.

4. లోపల ఇనుము, బయట మల్లు

దక్కను సుల్తానుల కాలంలో పరిస్థితి మారిందని, పారశీక ప్రభావంతో కవచం ప్రతిమలలోకి వచ్చిందని ఊహించేవారికి గోలకొండ చిత్రాలే సమాధానం. అబ్దుల్లా కుతుబ్‌షా, అబుల్ హసన్ తానీషాల చిత్రాలలో కనిపించేది పలుచని మల్లు జామా, నడుము పట్టీ, ఖడ్గం. యుద్ధచిత్రాలలో జిరహ్ ఉంది; వ్యక్తిచిత్రాలలో జామా ఉంది. ఈ విభజనను చిత్రకారులు స్పష్టంగా పాటించారు.

శివాజీ ఉదాహరణ అందరి కళ్లు తెరిపించదగినది. 1677లో ఆయన గోలకొండ వచ్చి తానీషాతో ఒప్పందం చేసుకున్నాడు. కొద్ది సంవత్సరాల తరువాత, సుమారు 1686 ప్రాంతంలో, గోలకొండలో తయారై నేడు ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్‌మ్యూజియంలో ఉన్న వ్యక్తిచిత్రాల సంపుటిలో శివాజీ చిత్రం ఉంది. ఆయనను చూసిన నేల మీద, ఆయన కాలానికి అతి సమీపంలో గీసిన ఆ చిత్రంలో ఉన్నవి జామా, పాగా, ఆయుధం. లోహపు రొమ్ము లేదు. దీని పక్కన మరొక సంగతిని పెట్టి చూడాలి. 1659లో ప్రతాపగఢ్ వద్ద అఫ్జల్‌ఖాన్‌ను కలవటానికి వెళ్లినప్పుడు శివాజీ దుస్తుల కింద ఇనుప వలయాల కవచం, పాగా కింద లోహపు టోపీ ధరించాడని మరాఠీ బఖర్ల సంప్రదాయం చెబుతుంది. ప్రాణం మీదికి వచ్చిన రోజున కవచం ఉంది, అయితే లోపల ఉంది. ప్రపంచానికి కనిపించింది వస్త్రం. నేటి విగ్రహాలలో ఇది తలకిందులైంది. ప్రాణభయమేమీ లేని కూడలిలో కవచం బయటకు వచ్చింది.

అదే శతాబ్దం చివర కవచం యుద్ధంలో కూడా విలువ కోల్పోసాగింది. 1687లో ఔరంగజేబు సేన ఎనిమిది నెలలు గోలకొండను ముట్టడించినప్పుడు మొగల్ సేనాని కిలిచ్‌ఖాన్ గుండు దెబ్బకు భుజం కోల్పోయాడు. వైద్యుడు ఎముక ముక్కలు ఏరుతుండగా రెండవ చేత్తో కాఫీ తాగుతూ అతడు మాట్లాడుతున్నాడని మొగల్ చరిత్రకారులు రాశారు. మొదటి నిజాముకు తాత అయిన ఈ సేనాని సమాధి హిమాయత్‌సాగర్ సమీపంలోని కిస్మత్‌పూర్‌లో, అంటే మొయినాబాదు దారికి కొద్ది దూరంలోనే ఉంది. కోట లోపలి పక్షాన తానీషాకు కడవరకు విధేయుడైన అబ్దుర్రజాక్ లారీ ఒంటిపై డెబ్బైకి మించి గాయాలున్నాయని ఖాఫీఖాన్ చెప్పాడు. రెండు పక్షాల కథనాలలోను శౌర్యానికి కొలత ఒక్కటే, గాయం. గాయం దేహం మీద రాసిన సాక్ష్యం. కవచం ఆ సాక్ష్యాన్ని కప్పివేసే పరికరం.

5. నేటి కవచం ఎక్కడిది?

కవచాన్ని ప్రతిమలో ప్రధాన చిహ్నం చేసిన సంప్రదాయం ఐరోపాది. 1548లో టిషియన్ గీసిన చక్రవర్తి ఐదవ చార్లెస్ అశ్వారూఢ చిత్రం దానికి ప్రసిద్ధ నమూనా. ఆ చిత్రంలోని కవచం నేటికీ మాడ్రిడ్‌లో భద్రంగా ఉంది. తుపాకులు వచ్చి కవచం పనికిరాకుండా పోయిన 18వ శతాబ్దంలో సైతం ఐరోపా సేనానులు చిత్రకారుని ముందు రొమ్ముపలక తొడుక్కుని కూర్చున్నారు. అక్కడా అది వాస్తవం కాదు. వంశగౌరవాన్ని చాటే మర్యాదవేషం. ఆ అశ్వారూఢ విగ్రహపు నమూనా వలసపాలనతో భారతదేశానికి వచ్చింది. 1921లో వేల్స్ యువరాజు శంకుస్థాపన చేయగా 1928లో పుణెలో నిలిచిన కర్మార్కర్ శివాజీ విగ్రహం తరువాతి విగ్రహాలకు ఆదర్శమైంది. వీరుడంటే గుర్రం, గుర్రమంటే ఎత్తైన దిమ్మె అన్న సూత్రం అలా స్థిరపడింది.

రెండవ మూలం చలనచిత్రం. 2015లో వచ్చిన రుద్రమదేవి, బాహుబలి, 2017లో వచ్చిన గౌతమీపుత్ర శాతకర్ణి వంటి చిత్రాలు కండలు తిరిగిన లోహపు రొమ్ముల రూపాన్ని తెలుగు ప్రేక్షకుల కళ్లకు అలవాటు చేశాయి. కల్పనాకథకు ఆ స్వేచ్ఛ ఉంది. కాని ఆ వేషాన్నే విగ్రహశిల్పి మాతృకగా తీసుకున్నప్పుడు, ఆ విగ్రహాన్నే పరిశోధకుడు సంప్రదాయానికి నిదర్శనంగా ఉదహరించినప్పుడు వృత్తం పూర్తవుతుంది. వేషమే ఆధారమవుతుంది.

మూడవ మూలం, అన్నింటికన్నా లోతైనది, ఆలయం. తెలుగువారి నిత్యవ్యవహారంలో కవచం అంటే యుద్ధం గుర్తుకు రాదు. మూలమూర్తికి తొడిగే వెండి, బంగారు తొడుగు గుర్తుకు వస్తుంది. తిరుమల జ్యేష్ఠాభిషేకంలో మలయప్పస్వామికి మూడు రోజులు వరుసగా వజ్రకవచం, ముత్యాల కవచం, స్వర్ణకవచం సమర్పిస్తారు. ఏడాది పొడవునా జరిగే అభిషేకాల వల్ల ఉత్సవమూర్తి అరిగిపోకుండా కాపాడటం దాని ఉద్దేశం. అంటే ఇక్కడ కవచం శత్రువు నుంచి కాదు, పూజ నుంచి కాపాడుతుంది. కూడలిలోని సేనానాయకునికి కవచం తొడిగినప్పుడు చూపరి మనసులో మేల్కొనేది ఈ సంస్కారమే. నాయకుడు మూర్తి అవుతాడు. మూర్తిని ప్రశ్నించరు, చరిత్ర అడగరు, పూలమాల వేస్తారు. చారిత్రక వ్యక్తిని చరిత్ర స్పర్శ నుంచి కాపాడటం ఈ కవచం చేస్తున్న పని.

6. బలమైన ఆక్షేపణ

ఈ వాదానికి ఎదురయ్యే అత్యంత బలమైన ఆక్షేపణ చరిత్ర నుంచి కాక సామాజిక న్యాయం నుంచి వస్తుంది. శతాబ్దాలుగా రాజచిహ్నాలకు దూరంగా ఉంచబడిన కులాలు తమ నాయకునికి గుర్రం, కిరీటం, కవచం ఇచ్చుకుంటే అది హక్కుల ప్రకటన. దానిని చారిత్రక యథార్థత పేరిట తప్పుపట్టటం పాత ఆంక్షలకు కొత్త భాష కావచ్చు. సర్వాయి పాపన్న విగ్రహాల విషయంలో ఈ ఆక్షేపణకు మరింత బలం ఉంది. కల్లుగీత కులంలో పుట్టి, ఖిలాషాపూర్‌లో కోట కట్టి, 1708లో వరంగల్లును కొల్లగొట్టి, 1710లో మొగల్ అధికారుల చేతిలో మరణించిన పాపన్నను మొగల్ చరిత్రకారుడు దోపిడీదారుగా రాశాడు. జనం పాటలు అతనిని నిలబెట్టుకున్నాయి. అటువంటివానికి రాజవేషం ఎందుకు కూడదు?

ఆక్షేపణలోని మొదటి సగం సత్యం. రాజచిహ్నాలను ఎవరు ధరించాలో నిర్ణయించే అధికారం పరిశోధకునికి లేదు. పాపన్నను అశ్వారూఢునిగా చూపటంలో దోషం లేదు; అతడు సేనను నడిపాడు. చిక్కు రెండవ సగంలో ఉంది. కవచం తటస్థమైన రాజచిహ్నం కాదు. పైన చూపినట్లు 'వర్మ' శబ్దం ద్వారా అది జన్మహోదాకు గుర్తుగా మారిన వస్తువు. గీతకార్మికుని నడుముకు చెందిన మోకు, ముస్తాదు, గీతకత్తి కనిపించకుండా లోహపు రొమ్ము తొడిగినప్పుడు చెప్పకనే చెబుతున్నది ఒకటుంది. గౌరవం పొందాలంటే మొదట క్షత్రియునిలా కనిపించాలన్నది ఆ మాట. పాపన్నను తక్కువ చేసిన మొగల్ చరిత్రకారుడు, అతనికి కవచం తొడిగిన నేటి అభిమాని ఒకే కొలబద్దను అంగీకరిస్తున్నారు. జే. ఎ. బాయిల్ 1870ల దశకంలో ప్రకటించిన పాపన్న కథాగేయాన్ని, 1980లో రిచర్డ్స్, వెల్చేరు నారాయణరావు దాని ఆధారంగా చేసిన విశ్లేషణను చదివినవారికి జనగాథ దృష్టి వేరని తెలుసు. అక్కడ పాపన్న ఔన్నత్యం అతడు పుట్టుకను దాచుకోవటంలో లేదు. కులవృత్తి నుంచి కత్తి పట్టి కోటదాకా సాగిన నడకలో ఉంది. ఆ నడకను కప్పివేసే తొడుగు అభిమానపూర్వకమైనదైనా కప్పివేతే.

రుద్రమదేవి విషయంలోను ఇదే వరస. స్త్రీ దేహాన్ని పురుషుని కండల ఆకృతిలో పోతపోసిన లోహంలో దాచి, ఆమె వీరత్వాన్ని అంగీకరించటం అంగీకారం కాదు. ఆమె స్త్రీ కనుక ఆమెకు యోధత్వం అరువు తెచ్చి తొడగాలన్న సందేహానికి అది మరో పేరు. పోతన సత్యభామకు ఆ సందేహం లేదు.

ప్రతీకకు చారిత్రక యథార్థతతో పని లేదని, ప్రతీక సమకాలీన అవసరం నుంచి పుడుతుందని మరికొందరు అంటారు. అంగీకరించవచ్చు. అలాంటప్పుడు దానిని 21వ శతాబ్దపు ప్రతీకగా చదవాలి. కాకతీయ సంప్రదాయమనో, వీరశైవ ఉద్ధృతి అనో, క్షాత్రధర్మమనో వెనక్కి నెట్టకూడదు. సమకాలీనమని సమర్థిస్తూనే ప్రాచీనమని కీర్తించటం ఒకే వ్యాసంలో పొసగదు.

7. పరిశోధన చేయవలసిన పని

ఈ వివాదం విగ్రహాల అందచందాలది కాదు. మొయినాబాదు, చేవెళ్ల ప్రాంతం నేడు వేగంగా మారుతోంది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల పరివాహక ప్రాంతంలోని 84 గ్రామాలలో నిర్మాణాలను పరిమితం చేస్తూ 1996లో వచ్చిన 111వ ఉత్తర్వు ఆ జలాశయాలకు రక్షణ కవచమని చాలాకాలం వ్యవహరించారు. 2022లో ప్రభుత్వం దాని ఆంక్షలను తొలగించే ఉత్తర్వు ఇచ్చింది. రహదారి విస్తరణ, లేఅవుట్లు, పూడిపోతున్న తూములు, చదునవుతున్న గట్లు ఈ నేల మీది శిలలకు ప్రత్యక్ష ప్రమాదం. ఎనికేపల్లి స్తంభాలు తూము గోడలో రాళ్లుగా మిగిలాయి కనుక దొరికాయి. తూములే పోతే శాసనమూ పోతుంది, తీర్థంకరుడూ పోతాడు, పేరు తెలియని వీరుడూ పోతాడు. కవచం లేని అసలు వీరులు మట్టిలో కలుస్తుండగా కవచం తొడిగిన కొత్త వీరులపై వ్యాఖ్యానాలు రాయటం తెలుగు పరిశోధనకు తగిన ప్రాధాన్యక్రమం కాదు.

కనుక ఈ దిశలో మూడు పనులు తక్షణమే చేయదగినవి. మొదటిది, విశ్వవిద్యాలయ తెలుగుశాఖలు మొయినాబాదు, చేవెళ్ల మండలాలలోని వీరగల్లులను, జైన శిలలను, శాసనభాగాలను గ్రామాలవారీగా నమోదు చేయాలి. వీరుని దుస్తులు, ఆయుధం, జుట్టుముడి, డాలు ఆకృతి మొదలైన వివరాలను విడివిడిగా గుర్తించాలి. ఎం.ఏ. స్థాయిలో ఇప్పటికే జరుగుతున్న గ్రామనామ, స్థలచరిత్ర పరిశోధనలకు దీనిని జోడించటం కష్టం కాదు. రెండవది, మైమఱువు, జోడు, బొందళము, చిలఖత్ వంటి యుద్ధసామగ్రి పదాలకు కావ్యప్రయోగాలతో, శాసనప్రయోగాలతో, కాలనిర్ణయంతో కూడిన పదకోశం తయారు కావాలి. అది లేనంతవరకు కవచం గురించిన ప్రతి వ్యాఖ్య ఊహగానే ఉంటుంది. మూడవది, ప్రతిమను వ్యాఖ్యానించే వ్యాసం ఆ ప్రతిమ తయారైన సంవత్సరాన్ని, నమూనాను, తయారుచేయించినవారిని మొదట పేర్కొనాలి. పరిశీలకులు ఈ వివరాలు లేని వ్యాసాన్ని వెనక్కి పంపాలి. నిన్న పోతపోసిన విగ్రహాన్ని కాకతీయ శిల్పంతో ఒకే వాక్యంలో చేర్చి ప్రతీకార్థం చెప్పే వ్యాసాలు ఆగటానికి ఇంతకన్నా సులభమైన మార్గం లేదు.

విగ్రహసంఘాలు సలహా అడిగినప్పుడు శాఖలు ఇవ్వవలసిన సమాధానం కూడా దీని నుంచే తేలుతుంది. రుద్రమదేవికి ఛత్రం, కృష్ణదేవరాయలకు కుళ్లాయి, శివాజీకి జామా, పాగా, పాపన్నకు మోకు, కత్తి. వీటికి ఆధారాలున్నాయి. కవచానికి ఆధారం చూపగలిగినవారు దానిని కాలంతో, స్థలంతో, ప్రతిమతో సహా చూపాలి. అంతవరకు ఆ సమీకరణాన్ని వ్యాసాలలో పునరుక్తి చేయకుండా ఉండటం కనీస శాస్త్రమర్యాద.